నున్నటి కొమ్మ

ముల్లు నా వేల్లో దిగిన సంగతి నొప్పి చెప్పలేదు, రక్తం చెప్పింది.

నొప్పి ఎక్కడ తెలుస్తుంది లెండి! ఏళ్ళ తరబడి స్పిరిట్‌లో ముంచి, దీపం మంట మీద కాల్చిన కత్తులూ పట్టకార్లూ పట్టుకుని పట్టుకుని నా వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి. టిష్యూ కల్చర్ ల్యాబులో కోత పని నాది. గాజు సీసాల్లో జెల్లీ లాంటి మేత పోసి, దాని మీద మొక్క ముక్క పెట్టి, ఆ ముక్కలోంచి బోలెడు మొక్కల్ని పుట్టిస్తాం. అన్నీ పూలమొక్కలే, అందానికి పెంచుకునేవే. "మా ఆవిడ సీసాల్లో వందలమందిని కంటుంది, ఇంట్లో మాత్రం ఒక్కదానితో సరిపెట్టింది" అని మా ఆయన ఊరంతా జోకులేస్తుంటాడు. ల్యాబు వ్యాను నడిపేది ఆయనే. నేనూరుకుంటానా? "వ్యాను నిండా కుండీలు మోస్తావు, కూరల సంచీ మొయ్యమంటే మాత్రం నడుం పట్టేస్తుంది" అంటాను. నా వేళ్ళకి స్పర్శ పోయిందిగానీ నాలుకకి పోలేదు.

ఆ పొద్దున కోతకి కూర్చునే ముందు షెడ్డులోకి వెళ్ళాను. సీసాల్లోంచి తీసిన మొక్కల్ని బయటి ఎండకీ గాలికీ అలవాటు చేసే షెడ్డు అది, పైన నల్ల వల కట్టి ఉంటుంది. ఒక పక్కంతా తీగ గులాబి కుండీలు. ముల్లు లేని గులాబి, మా ల్యాబుకి పేరు తెచ్చిపెట్టింది అదే. కిందటి నెల వాటి తలలు కత్తిరించాం. ఇప్పుడు మొదళ్ళ నుంచి కొత్త కొమ్మలు లేచాయి, ఎర్రగా, బొటనవేలంత లావున. అబ్బ, ఏం బలంగా వచ్చావే అని ముచ్చటపడి ఒకదాన్ని కింది నుంచి పైదాకా నిమిరాను. చెయ్యి తీస్తే వేలు ఎర్రగా ఉంది. చిగురు రంగు అంటుకుందేమో అనుకుని కొంగుకి తుడిచాను. మళ్ళీ ఎర్రబడింది.

అప్పుడు వంగి చూశాను. ఆ కొమ్మ పొడుగునా ముళ్ళు. నూగు కాదు, గరుకు కాదు, కొక్కేల్లా వంగిన అసలు సిసలు గులాబి ముళ్ళు. పక్క కుండీ చూశాను, నున్నగా ఉంది. దాని పక్కది చూశాను, ముళ్ళు.

 ఇవే మొక్కలు, ఇదే విడత మొక్కలు, మా అమ్మాయి పిట్ట చదివే బళ్ళో, పిల్లలు పట్టుకు నడిచే చేతికమ్మీ పొడుగునా పాకించి ఉన్నాయి. మా పిట్టకి చూపు లేదు. ఆ బళ్ళో పిల్లలెవరికీ లేదు.

పిట్టకి అసలు పేరు వేరే ఉంది. పిట్టంత తింటుందని ఈ పేరు స్థిరపడిపోయింది. పుట్టుకతోనే చూపు లేదు, అయినా చంటిదిగా ఉన్నప్పుడు దానంత అల్లరి పిడుగు ఇంకోటి లేదు. దగ్గరికొచ్చిన ప్రతి మనిషి ముఖమూ తడిమేది, ముక్కులు పిండేది. మేమున్న వాటా పక్కన మెట్ల మీద ఎవరో ఒక కాక్టస్ కుండీ పెట్టారు. గుండ్రంగా, సన్నటి నూగు ముళ్ళతో ఉండేది. ఒకరోజు ఇది మెట్ల మీద దేకుతూ వెళ్ళి, "ఇదెవరూ?" అని రెండు చేతులతో దాని ముఖం పట్టుకుంది. అరచేతుల నిండా, వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద, ముళ్ళే ముళ్ళు. నేను పట్టకారుతో ఒక్కొక్కటీ లాగుతుంటే గొంతు పోయేదాకా ఏడ్చింది. ముళ్ళన్నీ వచ్చేశాయిగానీ పిల్ల చేతులు మాత్రం మూసుకుపోయాయి.

మూసుకుపోవడమంటే మాటవరసకి కాదు. రెండు పిడికిళ్ళూ చంకల్లో దోపుకుని కూర్చునేది. నీళ్ళ గ్లాసు ఇస్తే మోచేతుల మధ్య పట్టుకునేది. ముద్ద నేను పెడితే తినాలి, బొత్తాం నేను పెడితే పెట్టుకోవాలి. బళ్ళో చేర్పిస్తే టీచరు, "నేనేం చెయ్యనమ్మా? బ్రెయిలీ చుక్కల మీద వేలు పెడితేనే కదా అక్షరం? ఈ పిల్ల పిడికిలి విప్పదే" అంది. బుజ్జగించాం, బతిమాలాం, తిట్టాం. తిట్టింది నేనే, మా ఆయనకి తిట్టడం చేతకాదు. చూపు లేదని నేను కుమిలిపోయిన రోజులు తక్కువ. కానీ చేతులు కూడా మూసుకుంటే దీనికి లోకం ఎటు నుంచి లోపలికి వస్తుంది? ఆ మాట తల్చుకుంటే నాకు ముద్ద దిగేది కాదు.

అప్పుడు వచ్చింది ఈ గులాబి. మామూలు ముళ్ళ గులాబి మీద ఎప్పుడో ఒక కొమ్మ దానంతటదే నున్నగా పుట్టిందట. ఎవరో దాన్ని అంటు కట్టి పెంచితే, మా ల్యాబువాళ్ళు తెచ్చి ఆవరణలో పెట్టారు. అది తల్లి మొక్క. నేను దాన్ని వేళ్ళతో నమ్మలేదు, నా వేళ్ళ సంగతి చెప్పానుగా. కొమ్మ కొమ్మా చెంపకి ఆనించి చూశాను. ల్యాబులో అందరూ నవ్వారు, నవ్వనీ. ఎక్కడా గరుకన్నది తగల్లేదు. ఒక కొమ్మ కత్తిరించి ఇంటికి తెచ్చి పిట్ట పిడికిలి మీద పెట్టాను. "ఇందులో ముల్లు లేదు. ఎంత గట్టిగానైనా పట్టుకో. అమ్మ మాట" అన్నాను.

 చాలాసేపటికి పిల్ల చిటికెన వేలు ఒకటి బయటికొచ్చింది. కొమ్మకి తగిలింది, వెనక్కి పోయింది, మళ్ళీ వచ్చింది. కాసేపటికి చెయ్యంతా తెరుచుకుని కొమ్మని పట్టుకుంది. "అవునమ్మా, లేదు" అంది. ఆ రోజు ఆ కొమ్మ వాడిపోయేదాకా వదల్లేదు.

ఆ చిటికెన వేలి వెనకాలే అన్నీ వచ్చాయి. గ్లాసు వచ్చింది, దువ్వెన వచ్చింది, చుక్కలు వచ్చాయి. ఇప్పుడు పుస్తకం మీద దాని వేళ్ళు పరిగెడుతుంటే నా దిష్టే తగిలేలా ఉంటుంది. బళ్ళో ఆ కొమ్మ ముచ్చట చెప్పకుండా ఉంటుందా? టీచరు మమ్మల్ని పిలిపించి, "అలాంటి తీగలు మా వాలుదారి కమ్మీకి పాకిస్తే పిల్లలు ఆకుని బట్టి, వాసనని బట్టి దారి తెలుసుకుంటారు" అని అడిగింది. ల్యాబు మొక్కలిచ్చింది, మా ఆయన వ్యాన్లో వేసుకెళ్ళి నాటాడు. పిట్టని దింపడానికి వెళ్ళినప్పుడల్లా నీళ్ళు పోసేదీ ఆయనే. షెడ్డులో తలలు కత్తిరించిన వారమే బళ్ళోనూ కత్తిరించాడు. అలా చేస్తే గుబురుగా పాకుతాయని చెప్పింది నేనే.

ఆ పొద్దున జడ వేయించుకుంటూ పిట్ట ఒకటే ఊగిపోతోంది. "అమ్మా, ఇవాళ నడక క్లాసులో నేనే ముందు. నా వెనకాల చిన్నపిల్లలు. కర్ర లేకుండా, కమ్మీ ఒక్కటే పట్టుకుని."

"కుదురుగా నిలబడు, పాపిడి వంకరపోతోంది. పడతావేమో చూసుకో."

"ఎందుకు పడతాను? నీ మొక్కలున్నాయిగా."

షెడ్డులో ఆ మాట గుర్తొచ్చింది. ముళ్ళ కుండీని చంకనెత్తుకుని మేడమ్ గదికి పరిగెత్తాను. మేడమ్ అంటే మా ల్యాబు నడిపే సైంటిస్టు. చెప్పులతో లోపలికొచ్చానని ఏదో అనబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది. కుండీని ఆవిడ బల్ల మీద పెట్టాను.

"ఇవేంటి?" అంది.

"మీరే చెప్పండి ఇవేంటో."

ఆవిడ కొమ్మని మెల్లగా తిప్పి చూసింది.  "ఇవి ఏ సీసాల్లోంచి వచ్చినవి?"

"గుబురు సీసాల్లోంచి."

కోతకి కూర్చునేవాళ్ళందరికీ మా దగ్గర ఒక పిచ్చి ఉంది. ఆకు మొదట్లో ఉండే కన్ను నుంచి ఒకటో రెండో మొలకలు వచ్చిన సీసా అంటే ఎవరికీ ఆనదు. అడుగున మెత్తటి గడ్డలా ముద్ద కట్టి, ఆ గడ్డ మీద మొలకలు పొదలా లేచాయనుకోండి, ఇక ఆ సీసా చేతులు మారాల్సిందే. నాది చూడంటే నాది చూడని పోటీ. ప్రతి విడతా ఆ గుబురు సీసాల్నే ఏరి, కోసి, కొత్త సీసాల్లో పెట్టుకుంటూ వచ్చాం. బలంగా ఉన్నదాన్ని ఎంచుకోవడం తప్పని ఎవరికి తడుతుంది? మేడమ్ కూడా భుజం తట్టేది.

ఆవిడ గొంతు తగ్గించి అంది. "ఈ గులాబికి ముళ్ళు పోయింది పైతొక్కలోనే. లోపల ఉన్నది పాత ముళ్ళ మొక్కే. కన్ను నుంచి మొలిస్తే పైతొక్కా లోపలిదీ కలిసే వస్తాయి, నున్నగానే ఉంటుంది. ఆ గడ్డలోంచి మొలిస్తే మాత్రం లోపలిది ఒక్కటే పైకి వచ్చేయొచ్చు. దిండుకి గలేబు ఊడిపోయినట్టు."

"అన్నిటికీ అలా అవుతుందా?"

"చెప్పలేం. కొన్ని మారతాయి, కొన్ని మారవు. సన్న కొమ్మల మీద తేడా తెలీదు. ఇలా లావు కొమ్మలు లేచి ముదిరితేనే బయటపడుతుంది."

"మీకిది ముందే తెలుసా?"

"చదివాను" అంది తల దించుకుని. "మనకి జరుగుతుందని అనుకోలేదు."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. చదివిందట! కానీ ఆ గుబురు సీసాల్ని ఏరి ఏరి కోసింది ఆవిడ చేతులు కాదు, మావి. అయినా పోట్లాటకి అది సమయమా?

"బళ్ళోవి కూడా ఇదే విడత కదూ?" అంది మేడమ్. నేను తలూపాను. ఆవిడే ఫోను తీసి బడికి కలిపింది. మోగుతోంది, మోగుతోంది, ఎత్తేవాళ్ళు లేరు. ఎత్తరు. ఆ బళ్ళో పాఠాల వేళ ఫోన్లన్నీ సొరుగులో పడేస్తారు. మోత వినపడితే నడిచే పిల్లలు దిక్కు తప్పుతారని వాళ్ళ నియమం. ఆ నియమాన్ని ఒకప్పుడు నేనే మెచ్చుకున్నాను కూడా.

మా ఆయనకి చేశాను.

"తీగలకి ముళ్ళున్నాయా?"

"ఏ తీగలకే?"

"నీ తలకాయ తీగలకి! బళ్ళో తీగలకి!"

"గులాబీలకా? లేవే. నిగనిగలాడుతున్నాయి. పొద్దున కూడా చూశాగా."

"చూశావా, ముట్టుకున్నావా?"

"పైపుతో నీళ్ళు కొట్టా."

"ముట్టుకున్నావా అని అడుగుతున్నా."

 "లేదే. ఏమైంది?" అన్నాడు. చెప్పాను. ఎప్పుడూ ఏదో ఒక వెటకారం ఆడే మనిషి, ఆ రోజు వెటకారం ఊసెత్తలేదు. ఊరి అవతల ఎక్కడో లోడు దించుతున్నాడట. "నువ్వు వెళ్ళు. ముందు నువ్వు వెళ్ళు" అని మాత్రం రెండుసార్లు అన్నాడు.

నెత్తి మీద ల్యాబు టోపీ, ఒంటి మీద తెల్లకోటు, అలాగే రోడ్డెక్కి ఆటో ఎక్కాను. ఆటో కదిలిందన్న మాటేగానీ కూడలి దగ్గర ఇరుక్కుపోయింది. ముందు ఒక లారీ, వెనక ఒక బస్సు, అందరూ హారన్లు కొట్టేవాళ్ళే, కదిలేవాడు ఒక్కడు లేడు. "కొంచెం పోనివ్వు బాబూ" అన్నాను. "ఎగిరిపొమ్మంటారా?" అన్నాడు ఆటో అతను. మామూలు రోజైతే ఆ మాటకి అతన్ని చెడుగుడు ఆడేసేదాన్ని. 

నిజం చెప్పాలంటే ముల్లు గుచ్చుకుంటుందని కాదు నా భయం. ఎంత పెద్ద ముల్లయితే మాత్రం ఏంటి? గీరుకుంటుంది, మందు రాస్తాం, మానిపోతుంది. చిన్నపిల్లలు పడితే మోకాళ్ళు దోక్కుపోతాయి, అదీ మానుతుంది. నా భయమంతా ఆ పిడికిలి గురించే. ముల్లు లేదని నేను మాటిస్తే నమ్మి విప్పిన చెయ్యి అది. అదే మొక్క ముల్లు దిగితే, మళ్ళీ ఎవరి మాట మీద విప్పుతుంది? నేను ఇంకేం తెచ్చి పెట్టాలి దాని చేతిలో? ఇంకెన్నేళ్ళు మోచేతులతో నీళ్ళు తాగుతుంది?  రక్తం గడ్డకట్టిన వేలిని అదే పనిగా నొక్కుకుంటూ కూర్చున్నాను.

ఇక కూర్చోలేక దిగిపోయి పరిగెత్తాను. తెల్లకోటు చూసి ఆస్పత్రి మనిషిననుకున్నారో ఏమో, జనం పక్కకి తప్పుకున్నారు. ఒక పెద్దాయన "పాపం ఎవరికో ప్రాణం మీదికొచ్చింది" అనడం వినపడింది. మీదికొచ్చింది నాకే తాతా అనుకున్నాను.

బడి గేటు తోసుకుని లోపలికి వెళ్ళేసరికి వరుస అప్పటికే వాలుదారి మీద ఉంది.

ముందు పిట్ట. ఎడమ చెయ్యి కమ్మీ మీద ఉంది, వేళ్ళన్నీ విప్పి తీగ మీద జారిస్తోంది. దాని వెనక చిన్నపిల్లలు, ముందువాళ్ళ భుజం మీద ఒక చెయ్యి, కమ్మీ మీద ఒక చెయ్యి. అందరికంటే వెనక టీచరు. పిట్ట పెద్ద గైడులా వెనక్కి చెబుతోంది. "ఇక్కడ ఆకులు దట్టం. అంటే మలుపు వస్తోంది. ఇక్కడ మెల్లగా." దాని ముఖం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

మలుపు దగ్గర కమ్మీ మీదికి కొత్త కొమ్మ ఒకటి వంగి ఉంది. ఎర్రగా, లావుగా, అచ్చం షెడ్డులో దానిలాగే. పిట్ట చెయ్యి దానికి జానెడు దూరంలో ఉంది.

మెల్లగా దగ్గరికెళ్ళి ఆ చెయ్యి పట్టుకోవచ్చు. "పిట్టా, ఒక్క నిమిషం ఆగమ్మా" అనొచ్చు. టీచరుకి సైగ చెయ్యొచ్చు, ఆవిడకి చూపుంది. ఇవన్నీ నాకు తర్వాత తట్టాయి.

"పట్టుకోకూ! చెయ్యి తియ్! ముళ్ళూ!"

నా గొంతు మామూలప్పుడే వీధి చివరిదాకా వినపడుతుంది. ఆ అరుపుకి నాకే ఒళ్ళు జలదరించింది.

కమ్మీ మీది చేతులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. వరుస చెదిరింది. ఒక బాబు ఉన్నచోటే కూలబడి ఏడుపు లంకించుకున్నాడు. ఒక పాప రెండు చేతులూ గాల్లో ఆడిస్తూ ఎటు తిరగాలో తెలీక గుండ్రంగా తిరుగుతోంది. "ఎవరూ కదలొద్దు, అందరూ కింద కూర్చోండి, నేనిక్కడే ఉన్నాను" అని టీచరు ఒక్కొక్కరి తల తాకుతూ వస్తోంది.

పిట్ట అరవలేదు, ఏడవలేదు. దాని ఎడమ చెయ్యి ముడుచుకుపోయింది. తర్వాత కుడి చెయ్యి. రెండు పిడికిళ్ళూ చంకల్లోకి వెళ్ళిపోయాయి. గోడకి వీపు ఆనించి నిలబడిపోయింది, ఇదివరకు పిడికిళ్ళు దోపుకునేది చూడండి, అచ్చం అలాగే.

వెళ్ళి దాని ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాను. "ఏదీ, చూపించు. రక్తం వస్తోందా? నా బంగారు కదూ, చెయ్యి తెరువు. ఒక్కసారి చూస్తాను." తెరవదు. మణికట్టు పట్టి లాగాను. ఇంకా బిగించింది. "ఎక్కడ గుచ్చుకుంది? చెప్పమ్మా, ఎక్కడ?"

"గుచ్చుకోలేదు."

"మరి?"

"నువ్వు అరిచావు."

లేచి ఆ ఎర్ర కొమ్మ దగ్గరికెళ్ళాను. చెంప ఆనించి కింది నుంచి పైదాకా జరిపాను. రెండో చెంప కూడా ఆనించాను. నున్నగా ఉంది. గాజు సీసా ఎంత నున్నగా ఉంటుందో అంత నున్నగా ఉంది. కన్ను నుంచి పుట్టిన మొక్క అయ్యుంటుంది. పిట్ట చెయ్యి దాని మీద పడితే ఏమీ అయ్యేది కాదు. ఆకు దాటినట్టు దాటేసి, మలుపు తిరిగేది.

ఛీ, ఏం మనిషినే నేను అనిపించింది. అక్కడే నేల మీద పడి బావురుమనాలనిపించింది.

టీచరు దగ్గరికొస్తే గొంతు తగ్గించి సంగతి చెప్పాను. మలుపు అవతల తీగలకి ముళ్ళుండొచ్చనీ, ఉండకపోవచ్చనీ చెప్పాను.  "చిన్నపిల్లల్ని లోపలికి తీసుకెళ్తాను. పిట్టని మీరు చూసుకోండి" అంది. ఆవిడ గొంతులో కోపం ఉంది, ఉండదూ మరి! పిల్లలు ఒకరి భుజం ఒకరు పట్టుకుని వెనక్కి నడిచారు. ఈసారి కమ్మీని ఎవరూ ముట్టుకోలేదు.

వాలుదారి మీద మేమిద్దరమే మిగిలాం.

"అమ్మా."

"ఊఁ."

"ముళ్ళున్నాయా, లేవా?"

లేవు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనేస్తే ఆ చెయ్యి ఇప్పుడే తెరుచుకుంటుందేమో. అమ్మ ఊరికే అరిచింది, పిచ్చి అమ్మ, అని నవ్వించేస్తే అయిపోతుందేమో. కానీ మలుపు అవతల ఇంకా తీగలున్నాయి, రేపు కూడా ఈ పిల్ల ఇక్కడే నడుస్తుంది.

"నాకు తెలీదు" అన్నాను.

పిట్ట తల ఇటు తిప్పింది. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట నా నోటి వెంట విని ఉండదు. మా ఇంట్లో అన్నీ నాకే తెలుసు, మా ఆయనకి ఆకలేస్తోందో లేదో కూడా నాకే తెలుసు.

"నీకు తెలీదా?"

"కొన్నిటికి లేవు. కొన్నిటికి వచ్చాయి. మేం సీసాల్లో పెంచినప్పుడే మారిపోయాయి. మాకు కనపడలేదు."

"చెంపతో చూశానన్నావుగా."

"చూసింది తల్లి మొక్కని. వీటిని చూడలేదు. వీటికి మాత్రం ఎందుకుంటాయి అనుకున్నాను."

పిట్ట పిడికిళ్ళని ఇంకా లోపలికి దోపుకుంది. 

"ఉండు, ఇప్పుడు చూస్తాను" అని మలుపు దాటి, తర్వాతి మొక్కకి వంగి చెంప ఆనించాను. జరిపానో లేదో, కంటి కింద నుంచి దవడ దాకా చర్రుమంది. పళ్ళ సందుల్లోంచి చప్పుడు బయటికొచ్చేసింది.

"గుచ్చుకుందా?"

"గుచ్చుకుంది."

"ఏడుస్తున్నావా?"

"లేదు."

"ఏడుస్తున్నావు. ముక్కు చప్పుడవుతోంది."

"అయితే ఏడుస్తున్నా, పో."

"దాని పక్కది ఎలా ఉంది?"

"చూస్తాను, ఉండు."

"వద్దు" అంది పిట్ట. "నీకున్నవి రెండు చెంపలే."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తిరిగి చూస్తే పిట్ట గోడని వదిలి, మోచేత్తో కమ్మీని వెతుక్కుంటూ ఒక్కో అడుగే నా వైపు వస్తోంది. నా కోటు దానికి తగిలింది, ఆగింది. చంకలోంచి ఒక పిడికిలి బయటికి తీసి గాల్లో పట్టుకుంది. పిడికిలి పిడికిలిగానే ఉంది.

"నా మణికట్టు పట్టుకో" అంది. "నొప్పెడితే చెప్తాను, అప్పుడు వెనక్కి లాగు. ముందే లాగొద్దు."

ఇవాళ వద్దమ్మా, నాన్న వచ్చాక చూద్దాం, చేతికి గుడ్డ చుట్టుకుందాం, ఇన్ని మాటలు నోటిదాకా వచ్చాయి. మింగేశాను. ఆ సన్నటి మణికట్టుని పట్టుకున్నాను. పక్క మొక్కకి కూడా ఎర్ర కొమ్మ ఒకటి ఉంది, లేతది, ఆకుల చాటున. ముళ్ళున్నాయో లేవో నా కంటికి ఆనడం లేదు. పిట్ట పిడికిలిలోంచి చిటికెన వేలు నెమ్మదిగా బయటికొచ్చింది. నేను దాన్ని కొమ్మ వైపు తీసుకెళ్ళాను. 

వేలు కొమ్మకి ఆనింది, ఆగింది, మళ్ళీ గాల్లోకి వచ్చేసింది.

"అమ్మా."

"ఏంటి? గుచ్చుకుందా?"

"కాదు. నువ్వలా వణుకుతుంటే నాకేమీ తెలియట్లేదు."

రెండో చేత్తో నా చేతిని గట్టిగా పట్టుకున్నాను.